చీలిన సంఘాలు కలిసిన తీరు: మన తండాలకు ఒక పాఠం

జహీరాబాద్‌కు మెదక్ మరీ దూరమేమీ కాదు. ఒకప్పుడు రెండూ నిజాం రాజ్యంలోవే. అయినా క్రైస్తవ సంఘాలు మాత్రం వేరు. మెదక్ వైపు ఇంగ్లండు వెస్లియన్ మెథడిస్టులు పనిచేస్తే, బీదర్, వికారాబాద్, జహీరాబాద్ వైపు అమెరికా మెథడిస్టులు పనిచేశారు. ఊరు ఏ మిషన్ కిందికి వస్తే ఊరివాళ్లది ఆ సంఘమే. ఆ హద్దులు మన పెద్దలు గీసుకున్నవి కావు.

ఈ మాటనే డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య గట్టిగా పట్టుకున్నారు. 1912లో అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. 1919 మే నెలలో తరంగంబాడిలో వివిధ సంఘాల నాయకులు కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది భారతీయులే. పడమటి దేశాల చీలికలను మనమెందుకు మోయాలన్నది వారి ప్రశ్న.

జవాబు అంత తేలిగ్గా దొరకలేదు. బిషప్ అభిషేకించినవారే పాదిరులని ఆంగ్లికన్లు అన్నారు. తక్కినవారు అది తప్పనిసరి కాదన్నారు. మళ్లీ అభిషేకం పొందమంటే, ఇన్నాళ్ల సేవ చెల్లదన్నట్టే కదా! చర్చలు 28 ఏళ్లు సాగాయి. ఐక్యత చూడకుండానే 1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశారు.

చివరికి ఒక దారి కుదిరింది. అప్పటికే ఉన్న పాదిరులకు మళ్లీ అభిషేకం అక్కర్లేదు, కొత్తవారిని మాత్రం బిషప్‌లే అభిషేకిస్తారు. అలవాటు లేని ఆరాధనను ఏ సంఘం మీదా రుద్దబోమని మాట ఇచ్చుకున్నారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది.

అందరూ ఒకేసారి రాలేదు. మెదక్ చేరింది. మన వైపు అమెరికా మెథడిస్టులు విడిగానే ఉండిపోయారు. నంద్యాల ప్రాంతంలో ఆగిపోయిన ఆంగ్లికన్లు 1975లో గానీ చేరలేదు. రానివారిని బలవంతాన లాగలేదు.

మన తండాల్లో కూడా తగవు తీరాలంటే నాయక్, కార్‌భారి ముందు ఇరుపక్షాలూ కూర్చోవాలి. ఇవాళ ఒకే గోత్రంలో సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెట్టేవారున్నారు, చర్చికి వెళ్లేవారున్నారు. ఆ చర్చికి వెళ్లేవారిలోనూ రెండు వర్గాలుంటే, పెళ్లికీ చావుకీ ఒకరి గడప ఒకరు తొక్కని రోజులొస్తాయి. అలాంటి చోట ఎదుటివాడి గతం చెల్లదని అనకుండా మాట మొదలుపెడదాం. 28 ఏళ్లు పట్టినా పెద్దలు విసిగి లేచిపోలేదు. మనం ఒక్క సాయంత్రమైనా కూర్చోలేమా?