కాలరు కత్తిరించిన ఇల్లాలు

పొద్దున్నే ఆఫీసుకి వెళ్లేవాళ్లని సాగనంపి, ఇప్పుడిప్పుడే కాస్త తీరిక చేసుకుని ఉంటారు. దండెం మీద విడిచిన చొక్కా ఉంటే తీసి, కాలరు లోపలివైపు ఒకసారి చూడండి. చొక్కా అంతా తెల్లగానే ఉంటుంది. మెడ దగ్గర మాత్రం జిడ్డు చార. ఆ వేలెడు చార కోసం చొక్కా మొత్తం నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీకి వేస్తాం. ఇందులో మీకెప్పుడైనా విసుగనిపించిందా? నాకు చాలాసార్లు అనిపించింది. అలాగే విసిగిపోయిన ఒక ఇల్లాలు దాదాపు 200 ఏళ్ల కిందట ఏం చేసిందో ఇవాళ మీకు చెబుతాను.

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో, హడ్సన్ నది ఒడ్డున ట్రాయ్ అనే ఊరుంది. అక్కడ హానా మాంటేగ్ అనే ఆవిడ ఉండేది. ఆవిడ భర్తకి రోజూ ఉతికిన చొక్కా కావాలి. ఆ రోజుల్లో చొక్కా ఉతకడమంటే మాటలు కాదు. నీళ్లు మోసుకు రావాలి, పొయ్యిమీద కాచాలి, సబ్బుతో రుద్దాలి, గంజి పెట్టాలి, ఇనప ఇస్త్రీ పెట్టె పొయ్యిమీద వేడిచేసి రుద్దాలి. 1827 ప్రాంతంలో ఒకరోజు ఆవిడ కత్తెర తీసుకుని చొక్కాకి ఉన్న కాలరు కత్తిరించేసింది! కాలరు ఒక్కటే ఉతికి, గంజి పెట్టి, మళ్లీ చొక్కాకి తగిలించింది. విడి కాలరు ఆ ఇంట్లోనే పుట్టిందని ట్రాయ్ ఊళ్లో చెప్పుకునే కథ.

దీనివల్ల కోటుకి కూడా మేలే జరిగింది. అప్పటి కోట్లు ఎక్కువగా ఉన్నివి. నీళ్లలో ముంచితే కుంచించుకుపోతాయి కనక వాటిని ఉతికేవారు కాదు. బ్రష్షుతో దులపడం, మరకపడినచోట తుడవడం, గాలికి వేలాడదీయడం, అంతే. ఒంటి చెమటకీ, ఖరీదైన కోటుకీ మధ్య అడ్డంగా నిలబడేది కాలరూ, చేతి పట్టీలూ. నాలుగు డబ్బుల కాలరు నలభై డబ్బుల కోటుని కాపాడిందన్నమాట. ఇప్పటికీ ఈ లెక్క మారలేదు. మావారి కోటు నేను ఏడాదికి ఒకటి రెండుసార్లకి మించి డ్రైక్లీనింగుకి వెయ్యను. తొడిగి వచ్చిన రాత్రి వెడల్పాటి హేంగరుకి తగిలించి నీడపట్టున గాలి తగలనిస్తాను. మెడ దగ్గర తడిగుడ్డతో తుడిచి, మెత్తని బ్రష్షుతో పైనుంచి కిందకి దులుపుతాను. వరసగా రెండురోజులు తొడగనివ్వను. మొదట్లో కాస్త సణిగారు గానీ, ఇప్పుడు అలవాటుపడ్డారు లెండి.

డ్రైక్లీనింగు అన్నాను కదా, అదీ ఆ కాలపుదే. 1821లో న్యూయార్కు నగరంలో థామస్ జెన్నింగ్స్ అనే నల్లజాతి దర్జీ, బట్టలు శుభ్రంచేసే ఒక కొత్త పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో పేటెంటు పొందిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే అంటారు. వచ్చిన డబ్బుని బానిసత్వం పోవాలని పాటుపడేవాళ్ల కోసం ఖర్చుపెట్టాడు. 1836లో పేటెంటు ఆఫీసు తగలబడి కాయితాలన్నీ బూడిదైపోయాయి. ఆయన ఏం వాడాడన్న గుట్టు దాంతోనే పోయింది.

మళ్లీ ట్రాయ్‌కి వద్దాం. హానా చేసిన పని ఊరంతా పాకింది. 1829 ప్రాంతంలో, పాదిరీ పని మానుకుని బట్టలకొట్టు పెట్టుకున్న ఎబినీజర్ బ్రౌన్ అనే ఆయన, ఆడవాళ్ల చేత ఇళ్లలో కాలర్లు కుట్టించి అమ్మడం మొదలుపెట్టాడు. కూలి డబ్బు రూపంలో ఇచ్చేవాడు కాదట, కొట్లో సరుకు ఇచ్చేవాడట! కొన్నేళ్లకి హానా భర్త కూడా అదే వ్యాపారంలో దిగాడు. కుట్టుమిషన్లు వచ్చాక ఫ్యాక్టరీలు లేచాయి. ట్రాయ్‌కి ‘కాలర్ల పట్నం’ అని పేరొచ్చింది. మనం ఇవాళ్టికీ తెల్లకాలరు ఉద్యోగాలు అంటున్నామే, ఆ కాలరు ఇదే.

ఇక్కడే నాకు మనసు చివుక్కుమంటుంది. హానా కాలరు కత్తిరించింది తన పని తగ్గించుకోవడానికి. కాలరు విడిగా దొరికేసరికి మగవాళ్లు రోజుకి రెండు మార్చడం మొదలుపెట్టారు. కొత్త కాలరు కూడా ఉతికి, గంజి పెట్టి, పలకలాగా ఇస్త్రీచేస్తేనే కొట్టుకెళ్లేది. మరి అదంతా చేసిందెవరు? లాండ్రీల్లో ఆడపిల్లలు. చాలామంది ఐర్లండునుంచి బతకడానికి వచ్చినవాళ్లు. రోజుకి 12 గంటలు, 14 గంటలు ఆవిరిలో నిలబడి పని. వారానికి రెండు మూడు డాలర్లు కూలి. గంజి పెట్టే యంత్రాలు వచ్చాక పని సుఖపడిందా అంటే అదీ లేదు. వాటినుంచి వచ్చే కాలర్లు సలసల కాగుతూ ఉంటే, పట్టుకున్న చేతులు బొబ్బలెక్కేవి. కాలరు పాడైతే జరిమానా వేరే.

వాళ్లలో కేట్ మలానీ అనే 19 ఏళ్ల పిల్ల ఉంది. తండ్రి పోయాడు, తల్లికి ఒంట్లో బాగుండదు. ఇల్లు గడవాలంటే ఈ పిల్ల కూలే ఆధారం. అలాంటి పిల్ల 1864 ఫిబ్రవరిలో తోటివాళ్లని కూడగట్టి సంఘం పెట్టింది. దాదాపు 300 మంది, 14 లాండ్రీల్లో పని ఆపేసి బయటకొచ్చారు. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు, చరిత్రంటే రాజుల పేర్లే అనుకునేదాన్ని. ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూచుండిపోయాను. ఆ వారంరోజులూ ఆ పిల్ల ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో మరి! వారం తిరక్కుండా యజమానులు దిగొచ్చి, కూలి నూటికి 25 వంతున పెంచారు.

సంఘం నిలబడింది. రెండేళ్లకి, అంటే 1866లో, ఊళ్లో ఇనప పోతపని వాళ్లు పని పోగొట్టుకుని ఉంటే, ఈ ఆడవాళ్లే 1,000 డాలర్లు పోగుచేసి ఇచ్చారు. అయితే 1869లో రెండోసారి చేసిన సమ్మె మాత్రం నెగ్గలేదు. యజమానులు గట్టిగా నిలబడ్డారు. పైగా అప్పటికి కాయితం కాలర్లు వచ్చేశాయి. తొడిగి పారేసేవి, వాటికి ఉతుకూ లేదు, గంజీ లేదు. (కాయితం కాలరుకి 1854లో పేటెంటు తీసుకున్న వాల్టర్ హంట్, మనం పమిటకి పెట్టుకునే పిన్నీసు కనిపెట్టినాయనే.) మరుసటి ఏడాదికి సంఘం చెదిరిపోయింది. కేట్ ఉన్న ఇంటిని మాత్రం 1998లో అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. రాజుల కోట కాదు, బట్టలు ఉతికిన పిల్ల ఇల్లు!

మొదటి ప్రపంచయుద్ధంలో సిపాయిలు మెత్తని కాలరు చొక్కాలకి అలవాటుపడి వచ్చారు. ఇళ్లకి తిరిగివచ్చాక ఆ బిరుసు కాలర్లు మెడకి పెట్టుకోమంటే ఎవరు పెట్టుకుంటారు? 1920లలో కాలరు మళ్లీ చొక్కాకి అతుక్కుపోయింది. దాంతో ఇంకో చిక్కు. ఉతికితే కాలరు కుంచించుకుని మెడ బిగుసుకుపోయేది. ట్రాయ్‌లోని పెద్ద కాలర్ల కంపెనీలో పనిచేసే శాన్‌ఫర్డ్ క్లూయెట్ దానికి ఉపాయం కనిపెట్టాడు. గుడ్డని ముందే యంత్రం మీద కుదించేస్తే తరవాత కుంచించుకోదు. 1930లో బయటకొచ్చిన ఆ పద్ధతికి ఆయన పేరే పెట్టారు. వెనకటికి మన మిల్లుగుడ్డల అంచుమీద ‘శాన్‌ఫొరైజ్డ్’ అని ముద్ర ఉండేది, మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. గుడ్డ కొనేటప్పుడు మా అమ్మ ఆ ముద్ర వేలితో తడిమి చూస్తేనేగాని డబ్బు తీసేది కాదు.

అమ్మ మాట వచ్చింది కనక ఇదొకటి చెప్పి ముగిస్తాను. మా నాన్నగారు గుమాస్తా. మూడు తెల్లచొక్కాలు ఉండేవి. కాలరు మడతమీద అరిగి పీచు లేస్తే, అమ్మ రాత్రి మేమంతా పడుకున్నాక పాత బ్లేడుతో కుట్లు విప్పి, కాలరు తిరగేసి మళ్లీ కుట్టేది. అరిగినవైపు లోపలికి పోయేది. పక్కవాటావాళ్లు చూస్తే నామోషీ అని తలుపు గడియ పెట్టుకునేది. పొద్దున్న నాన్నగారు ఆ చొక్కాయే తొడుక్కుని వెళ్లేవారు. ఆయనకి తెలుసో తెలియదో, ఒక్కనాడూ ఆ మాట ఎత్తగా నేను వినలేదు. అందులో ఒక చొక్కా ఇంకా నా బీరువాలో ఉంది. కాలరు అటూ ఇటూ తిప్పి ఎంత చూసినా, అమ్మ వేసిన కుట్టేదో దర్జీ వేసిన కుట్టేదో నాకు తెలియదు.