అచ్చుకు ముందు గీత

పాలకొల్లు అనగానే క్షీరారామం గుర్తొస్తుంది. అదే ఊళ్లో 17వ శతాబ్దంలో ఒలందులు, అంటే డచ్చివారు, నేతబట్టలు కొనే స్థావరం పెట్టుకున్నారు. 1825లో అది ఇంగ్లీషువారి చేతికి పోయింది. కోరమాండల్ తీరంలో డచ్చి కంపెనీ కొలువు చేసిన డానియల్ హవార్ట్ ఇక్కడి స్థావరాల సంగతులు రాసి 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చు వేయించాడు. అందులో పాలకొల్లు కూడా ఉంది.

ఆ కాలంలో ఆ నగరంలో అచ్చయిన ప్రయాణ గ్రంథాలకు చాలావాటికి ముఖపత్రం మీద పెద్ద బొమ్మ ఉండేది. దూరదేశం ఎలా ఉంటుందో పాఠకుడికి ముందుగా చెప్పేది ఆ బొమ్మే.

దాని వెనక చాలా పని ఉంది. చిత్రకారుడు ముందు కాగితం మీద కలంతో, పలచని సిరా పూతతో బొమ్మ వేసుకునేవాడు. కాగితం వెనక సుద్దపొడి రుద్ది, మైనం పూసిన రాగిరేకు మీద పెట్టి, మొద్దు సూదితో గీతల వెంబడి నొక్కేవాడు. రేకు మీద గుర్తులు పడేవి. ఆ గుర్తుల వెంట మైనం గీకి, ఆమ్లం పోస్తే గీత రాగిలోకి దిగేది. అందులో సిరా నింపి కాగితం అద్దితే బొమ్మ తిరగబడి వచ్చేది. కుడిచేతి కత్తి ఎడమచేతికి మారేది. అందుకే జాగ్రత్త గలవాడు ముందు గీతలోనే కత్తిని ఎడమచేతికి ఇచ్చేవాడు.

ఈ పనిలో పేరుపడ్డవాడు ఆమ్‌స్టర్‌డామ్ వాసి యాన్ లాయ్కెన్ (1649–1712). వేల బొమ్మలు చెక్కాడు. దూరదేశాల పుస్తకాలకూ వేశాడు కానీ మన దేశానికి ఎన్నడూ రాలేదు. చూడని వాటిని రాతలను బట్టి, ఊహను బట్టి వేయాల్సిందే. ఆయన వేసుకున్న ముందు గీతలు కొన్ని నేటికీ అక్కడి మ్యూజియాల్లో ఉన్నాయి.

ఈ సంగతి మనకెందుకు? మన గురించి వచ్చే అట్టలు, పోస్టర్లు చూడండి. ఎక్కడి గిరిజనుడికైనా ఒకే వేషం వేస్తారు. నెమలి పింఛాల కిరీటం ఆదిలాబాద్ గోండుల గుస్సాడీది, దీపావళి వేళ దండారిలో ధరిస్తారు. అడవిదున్న కొమ్ముల తలపాగా గోదావరి ప్రాంతపు కొమ్ము కోయలది. ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరుసగా ఆడే థింసా అరకు వైపుది. ఒకరి కిరీటం మరొకరి తలకు పెట్టి అచ్చు వేశాక ఇక దిద్దలేం. తప్పు పట్టుకోవాల్సింది ముందు గీతలోనే.

లాయ్కెన్‌కు అడగడానికి ఇక్కడివాళ్లు ఎవరూ దగ్గర లేరు. మనకు ఇంట్లోనే ఉన్నారు. బొమ్మలు వేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ పెన్సిల్ గీతను ముందు తాతకో అమ్మమ్మకో చూపించండి. కొమ్ములు ఎలా కడతారు, డోలు ఏ భుజాన వేస్తారు, ఏ పండుగకు ఏ నగ పెడతారు అని అడగండి. వాళ్లు దిద్దిన కాగితం పారేయకండి. ఊరు, తేదీ, ఒప్పుకుంటే చెప్పినవారి పేరు రాసి దాచండి. కంప్యూటర్లో వేస్తే మొదటి ఫైలు ఉంచండి. మన రూపాన్ని మనమే చూసి, అడిగి, దిద్దుకుని వేశామని చెప్పడానికి రేపు ఆ కాగితమే సాక్ష్యం.