నాన్న పాలిష్ డబ్బా, నా క్లియర్ కోటు

కిందటి నెల ఇంట్లో కబోర్డులు చేయిస్తుంటే వడ్రంగి వచ్చి, "సార్, షట్టర్లకి డ్యూకో కొట్టమంటారా, పీయూ కొట్టమంటారా?" అని అడిగాడు. తెలియని మాట చెవిన పడితే వెతక్కుండా ఉండలేకపోవడం మనవాళ్లకున్న వృత్తిరోగం. వెతికితే తేలిందేమిటంటే, డ్యూకో చెక్క కోసం పుట్టిన రంగు కాదు, కారు కోసం పుట్టింది. అదీ 1923లో, అమెరికాలో. ఆ కొస పట్టుకుని లాక్కుంటూ పోతే, పన్నెండేళ్ల కిందట నాన్నతో నేను పడ్డ ఒక గొడవలో తప్పు ఎవరిదో కూడా తేలిపోయింది.

ముందు ఆ గొడవ సంగతి. నాన్నకి ఒక పద్మిని ఉండేది. విజయవాడ ఆటోనగర్లో మళ్లీ రంగు వేయించిన బండి. ఆదివారం పొద్దున్నే చిన్న డబ్బాలోంచి పాలిష్ తీసి, పాత బనీను గుడ్డతో గుండ్రంగా రుద్దుతూ కూర్చునేవారు. గుడ్డకి ఎప్పుడూ బండి రంగు అంటుకునేది. మధ్యాహ్నానికి బానెట్లో మా పెరటి కొబ్బరిచెట్టు కనపడేది.

నేను ఉద్యోగంలో చేరి కారు కొన్న రెండేళ్లకి, ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు లాంటి గీతలు. నాన్నకి ఫోన్ చేస్తే "పాలిష్ పెట్టి రుద్దరా, అదే వస్తుంది" అన్నారు. చేత్తో ఎవడు రుద్దుతాడని ఒక మెషినూ, డబ్బా రబ్బింగ్ కాంపౌండూ తెచ్చి మొదలెట్టాను. పావుగంటలో బానెట్ అంచున అరచెయ్యంత మేర మెరుపు పోయి, పాలిపోయిన మచ్చ మిగిలింది. ఆ రోజు ఫోన్లో "మీ కాలం పద్ధతులు నాకు చెప్పకండి నాన్నా" అనేశాను. ఆ తర్వాత ఆయన నా కారు ఊసెత్తలేదు.

ఇక చరిత్రకొద్దాం. మొదటి కార్లకి వేసింది గుర్రబ్బండ్ల రంగే. నూనెతో చేసిన వార్నిష్, కుంచెతో పూత మీద పూత. ఒక్కో పూత ఆరాలి, గీకాలి, మళ్లీ వెయ్యాలి. మంచి కారుకి రంగు పూర్తయ్యేసరికి వారాలు పట్టేది. ఫ్యాక్టరీలో మిగతా పనంతా పరుగులు పెడుతుంటే, బళ్లు మాత్రం రంగు ఆరడం కోసం వరసగా నిలబడి ఉండేవి. మన భాషలో చెప్పాలంటే బాటిల్‌నెక్ అన్నమాట. ఫోర్డ్ 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ కార్లని నలుపులోనే అమ్మడం మనందరికీ తెలిసిన కథే. ఆ నల్లరంగు చవక, గట్టిది.

ఆ ముడి విప్పింది డ్యూపాంట్ కంపెనీ. అప్పటిదాకా తుపాకిమందు, పేలుడు పదార్థాలు చేసిన సంస్థ. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక చేతిలో బోలెడంత నైట్రోసెల్యులోజ్ విద్య మిగిలింది. దాన్నుంచే, గన్‌తో చిమ్మడానికి వీలుగా, గంటల్లో ఆరిపోయే లాకర్ తయారు చేశారు. అదే డ్యూకో. జనరల్ మోటార్స్ వాళ్లు 1924 మోడల్ ఓక్‌లాండ్ కారుకి నీలం రంగులో దీన్ని వేసి జనం మీదకి వదిలారు. వారాల పని గంటల్లోకొచ్చింది. రంగురంగుల కార్లు రోడ్డెక్కాయి.

ఆ రంగుల మోజులోంచే ఇంకో వస్తువు పుట్టింది. ఒకే బండికి రెండు రంగులు వెయ్యడం ఫ్యాషనయింది. రెండు రంగుల మధ్య గీత తిన్నగా రావాలని కాగితం అంటిస్తే, ఊడదీసేప్పుడు కింద రంగు కూడా లేచొచ్చేది. ఉప్పుకాగితం పరీక్ష చేయించడానికి రంగుల షెడ్డుకి వెళ్లిన 3ఎమ్ కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ, అక్కడి పనివాళ్ల తిట్లు విని, 1925కల్లా మాస్కింగ్ టేపు చేసిచ్చాడు. యూజర్ తిట్టేది శ్రద్ధగా వినడం అంటే అదీ :)

ఇంతకీ డ్యూకోకి ఒక గుణం ఉంది. చిమ్మి వదిలేస్తే మెరవదు, రుద్దితేనే మెరుస్తుంది. పైగా ఎండకి పైపొర చచ్చి సున్నంలా తేలుతుంది. ఆ చచ్చిన పొరని మెత్తటి రాపిడి పొడితో తీసేసి, కింద తాజా రంగుని బయటపెట్టి, దాని మీద మైనం పూయాలి. అందుకే రంగు అమ్మిన డ్యూపాంటే 'నంబర్ 7' అని పాలిష్ కూడా అమ్మింది. షికాగోలో 1910లో మొదలైన సైమనైజ్ మైనం ఎంత పాకిందంటే, కారు మెరిపించడానికి ఆ పేరే క్రియాపదమై ఇంగ్లీషు నిఘంటువుల్లోకెక్కింది. అలాంటి డబ్బాల్లో మేలు రకం మైనం కార్నౌబా. బ్రెజిల్ ఈశాన్యంలో, మన తాటిచెట్టు కుటుంబానికే చెందిన ఒక చెట్టు ఆకుల మీద పేరుకునే పొడి. ఎండకి ఆకు ఎండిపోకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు. 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు.

అంటే నాన్న చేసింది అచ్చంగా 1920ల నాటి శాస్త్రం. ఆ షెడ్డులో ఆయన బండికి కొట్టింది కూడా ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ రంగే. గుడ్డకి రంగు అంటుకోవడం తప్పు కాదు, పని జరుగుతోందనడానికి గుర్తు.

మరి నా కారు? 1970ల చివర్నుంచి, 80లలో రంగుల పద్ధతి మారింది. కింద పల్చటి రంగు పొర, దాని మీద రంగులేని క్లియర్ కోటు. మెరుపంతా పైదానిదే. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని కాచుకునే రసాయనాలు ఉండేదీ అందులోనే. దాని మందం దాదాపు 50 మైక్రాన్లు, వెంట్రుక కన్నా తక్కువ. నాన్న రంగు రుద్దిన కొద్దీ కొత్తది బయటపడేది. నాది రుద్దిన కొద్దీ కాపు తగ్గిపోయేది. అంచుల్లో పొర ఇంకా పల్చన, మెషిన్ వేడి అక్కడే ఎక్కువ. ఇంటర్‌ఫేస్ అదే, కింద ఇంప్లిమెంటేషన్ మారిపోయింది. నేను పాత స్క్రిప్టు ప్రొడక్షన్లో నడిపానన్నమాట.

అందుకని ఇప్పుడు నా పద్ధతి ఇది. ముందు ఏ రంగో తెలుసుకోవాలి. ఎవరికీ కనపడని మూల తెల్లగుడ్డతో కాస్త పాలిష్ రుద్దితే, గుడ్డకి రంగు అంటితే పాతరకం, అంటకపోతే క్లియర్ కోటు. కడగడం నీడలో, రేకు చల్లబడ్డాక. ముందు నీళ్లు కొట్టి దుమ్ము పోగొట్టాలి. గీతలు పడేది పాలిష్ లేక కాదు, దుమ్ముని గుడ్డతో ఈడ్చడం వల్ల. రెండు బకెట్లు: ఒకటి షాంపూది, ఇంకోటి గుడ్డ జాడించుకునేది. పైనుంచి కిందకి, చక్రాలకి వేరే గుడ్డ. గిన్నెల సబ్బు వద్దు, అది మైనాన్ని లాగేస్తుంది. బోరు నీళ్లు ఆరనిస్తే తెల్లమచ్చలు కడతాయి కాబట్టి వెంటనే మైక్రోఫైబర్‌తో అద్దాలి. కడిగినా గరుగ్గా ఉంటే క్లే, అంటే 1990లలో జపాన్ నుంచి వచ్చిన మెత్తటి ముద్ద. షాంపూ నీళ్లతో తడిపి జార్చాలి. పాలిష్ అన్నిటికన్నా మెత్తటిది, అదీ చివరి అస్త్రం. ఆఖర్న మైనమో, సీలెంటో.

అపార్టుమెంట్లో పొద్దున్నే ఒకే బకెట్టుతో ఇరవై కార్లు తుడిచే కుర్రాడిని తిట్టి లాభం లేదు. నేనైతే మా కారు పొడిగా తుడవద్దని చెప్పి, నెల డబ్బులు మాత్రం మామూలుగానే ఇస్తున్నాను.

పోయినవారం విజయవాడ వెళ్లినప్పుడు ఇదంతా నాన్నకి చెప్పి, "మీ రంగుకి మీ పద్ధతే కరెక్టు నాన్నా, ఆ రోజు నేనే తొందరపడ్డాను" అన్నాను. ఆయన పేపరు మీంచి తలెత్తకుండానే, "నేను పాలిష్ కొనేముందు రంగు వేసినాయన్ని అడిగానురా. నువ్వు నన్నడిగావు" అన్నారు.