ఓవర్‌క్లాకింగు, కంప్యూటరు శీతలీకరణ

కంప్యూటరులోని ప్రాసెసరు, మెమొరీ, గ్రాఫిక్స్ కార్డు వంటి భాగాలను వాటి తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి పనిచేయించడాన్ని ఓవర్‌క్లాకింగు అంటారు. విడిభాగాలను కొని ఇంటివద్ద స్వయంగా కంప్యూటరును అమర్చుకొనేవారిలో ఇది ఒక అభిరుచిగా వ్యాపించింది. వేగం పెరిగిన కొద్దీ ఆ భాగంలో పుట్టే వేడి కూడా పెరుగుతుంది. అందుచేత ఓవర్‌క్లాకింగును, కంప్యూటరును చల్లబరచే పద్ధతులను విడదీసి చూడడం సాధ్యం కాదు. పల్నాడు వంటి అధిక ఉష్ణోగ్రతలు గల ప్రాంతాలలో ఈ రెండవ అంశానికే ప్రాధాన్యం ఎక్కువ.

గడియార వేగం

ప్రాసెసరు చేసే ప్రతి పనీ ఒక విద్యుత్ స్పందన తాళానికి అనుగుణంగా సాగుతుంది. దీనిని గడియార సంకేతం అంటారు. మదర్‌బోర్డు మీద ఉండే క్వార్ట్జ్ స్ఫటికం ఈ సంకేతానికి ఆధారం. దాని నుండి తయారైన మూల వేగాన్ని ఒక గుణకంతో హెచ్చించగా వచ్చేదే ప్రాసెసరు వేగం. ఉదాహరణకు మూల వేగం 100 మెగాహెర్ట్జ్, గుణకం 36 అయితే ప్రాసెసరు వేగం 3,600 మెగాహెర్ట్జ్, అనగా 3.6 గిగాహెర్ట్జ్ అవుతుంది. మూల వేగాన్ని గాని, గుణకాన్ని గాని, రెండింటినీ గాని పెంచడమే ఓవర్‌క్లాకింగు.

ఒకే కర్మాగారంలో ఒకే నమూనాతో తయారైన చిప్పులన్నీ ఒకే సామర్థ్యం కలిగి ఉండవు. తయారీదారు వాటిని పరీక్షించి, వేర్వేరు వేగాలు ముద్రించి, వేర్వేరు ధరలకు అమ్ముతాడు. ఎంత వేడిలోనైనా, ఎన్ని సంవత్సరాలైనా పనిచేయాలి కనుక ముద్రించిన వేగానికి పైన కొంత వెసులుబాటు ఉంచుతాడు. ఓవర్‌క్లాకింగు చేసేవారు ఉపయోగించుకొనేది ఆ వెసులుబాటునే. వేసవిలో గది వేడెక్కినపుడు ప్రాసెసరును కాపాడేది కూడా అదే. ఒకసారి వేగానికి ఖర్చు చేసిన వెసులుబాటు వేడికి మిగలదు.

చరిత్ర

1998 ఆగస్టులో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ ఈ అభిరుచి చరిత్రలో ప్రసిద్ధమైనది. 66 మెగాహెర్ట్జ్ మూల వేగం, 4.5 గుణకంతో అది 300 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసేది. మూల వేగాన్ని 100కు మార్చగానే 450 మెగాహెర్ట్జ్‌కు చేరేది. చవక ప్రాసెసరు ఖరీదైన ప్రాసెసరుకు దీటుగా పనిచేయడంతో విద్యార్థులు, మధ్యతరగతివారు దీనిపట్ల ఆకర్షితులయ్యారు. అదే కాలంలో ఎబిట్ సంస్థ చేసిన బి.హెచ్.6 వంటి మదర్‌బోర్డులలో జంపర్లు మార్చే పని లేకుండా బయాస్ తెర నుండే వేగం మార్చుకొనే వీలు కలిగింది.

2000 ప్రాంతంలో వచ్చిన ఏ.ఎం.డి. డ్యూరాన్, అథ్లాన్ ప్రాసెసర్లలో గుణకాన్ని బంధించేందుకు చిప్పు పైభాగాన ఉన్న సన్నని లంకెలను తెంచి ఉంచేవారు. పెన్సిలులోని గ్రాఫైటు విద్యుద్వాహకం కనుక, ఆ లంకెలను పెన్సిలుతో గీసి కలిపితే గుణకం మార్చుకొనే స్వేచ్ఛ లభించేది. 2006లో వచ్చిన ఇంటెల్ కోర్ 2 డ్యుయో ఇ6300 ప్రాసెసరును 1.86 గిగాహెర్ట్జ్ నుండి 2.8 గిగాహెర్ట్జ్ వరకు తీసుకువెళ్ళినవారు అనేకులు.

మరోవైపు వేడి సమస్య తయారీదారులనే నిలువరించింది. 2004లో ఇంటెల్ తన తరువాతి అతివేగ ప్రాసెసరు అయిన టెజాస్‌ను విడుదలకు ముందే రద్దు చేసి, ఒకే చిప్పులో ఎక్కువ కోర్లు ఉంచే మార్గానికి మళ్ళింది. 2008లో వచ్చిన కోర్ ఐ7 ప్రాసెసర్లలో టర్బో బూస్ట్ ప్రవేశించింది. వేడి, విద్యుత్తు పరిమితులు అనుమతించినంత మేరకు ప్రాసెసరు తన వేగాన్ని తానే పెంచుకొనే ఏర్పాటు ఇది. 2011 నుండి ఇంటెల్ ప్రాసెసర్లలో పేరు చివర కె అక్షరం ఉన్నవాటికే ప్రధానంగా గుణకం మార్చుకొనే వీలు ఉంచారు.

పోటీల కొరకు చేసే ఓవర్‌క్లాకింగు వేరు. అందులో మైనస్ 196 డిగ్రీల వద్ద మరిగే ద్రవ నైట్రోజనును, మైనస్ 269 డిగ్రీల వద్ద మరిగే ద్రవ హీలియాన్ని వాడతారు. 2011లో ఏ.ఎం.డి. ఎఫ్.ఎక్స్. ప్రాసెసరు 8.4 గిగాహెర్ట్జ్ దాటింది. 2022 డిసెంబరులో ఇంటెల్ ప్రాసెసరు ఒకటి తొలిసారి 9 గిగాహెర్ట్జ్ దాటింది. ఆ వేగాలు కొద్దిసేపు నిలిచేవే గాని నిత్య వినియోగానికి పనికివచ్చేవి కావు.

వేడి లెక్క

ప్రాసెసరులో పుట్టే వేడి ముఖ్యంగా రెండు అంశాలపై ఆధారపడుతుంది. వేగం ఎంత రెట్లు పెరిగితే వేడి అంత రెట్లు పెరుగుతుంది. వోల్టేజి పెరిగితే మాత్రం ఆ పెరుగుదల వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఎక్కువ వేగం వద్ద ప్రాసెసరు తడబడకుండా ఉండాలంటే సాధారణంగా వోల్టేజి కూడా పెంచవలసివస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

65 వాట్ల ప్రాసెసరును ఉదాహరణగా తీసుకొందాము. వేగం 20 శాతం, వోల్టేజి 10 శాతం పెంచినచో వేడి 1.2 × 1.1 × 1.1 = 1.45 రెట్లు, అనగా సుమారు 94 వాట్లు అవుతుంది. పని పెరిగినది 20 శాతం, వేడి పెరిగినది 45 శాతం.

చల్లబరచే పరికరం సామర్థ్యాన్ని వాటుకు ఎన్ని డిగ్రీలు అనే కొలతతో తెలుపుతారు. ఇది 0.4 అయితే, ప్రతి వాటుకూ ప్రాసెసరు పరిసర గాలికంటే 0.4 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. దాని ప్రకారం:

* డిసెంబరు రాత్రి, గది 22 డిగ్రీలు: మామూలు వేగంలో 48, ఓవర్‌క్లాకింగులో 60 డిగ్రీలు.
* మే నెల మధ్యాహ్నం, గది 42 డిగ్రీలు: మామూలు వేగంలో 68, ఓవర్‌క్లాకింగులో 80 డిగ్రీలు.

పెట్టె లోపలి గాలి గది గాలికంటే మరికొన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది కనుక వాస్తవ అంకెలు ఇంకా పెరుగుతాయి. చాలా ప్రాసెసర్ల పరిమితి 85 నుండి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ పరిమితిని చేరగానే ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది, లేదా కంప్యూటరు ఆగిపోతుంది. అంటే చలికాలంలో విజయవంతమైన ఓవర్‌క్లాకింగు వేసవిలో మామూలు వేగంకన్నా మందంగా పనిచేసే అవకాశం ఉంది. ఈ రక్షణ సరిగా లేని 2001 నాటి కొన్ని అథ్లాన్ ప్రాసెసర్లు హీట్‌సింకు ఊడిపోతే క్షణాలలో కాలిపోయేవి.

పల్నాడు పరిస్థితులు

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడివడి, నరసరావుపేట ముఖ్యపట్టణంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఈ జిల్లాలోని రెంటచింతల, రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రదేశాలలో ఒకటిగా పేరుపొందింది. మాచర్ల, గురజాల ప్రాంతాలదీ దాదాపు అదే వాతావరణం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే సామెత ఇక్కడ అతిశయోక్తిగా తోచదు. పై అంతస్తులోని కాంక్రీటు శ్లాబు పగలంతా కాగి, రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. కాబట్టి రాత్రివేళ కూడా ప్రాసెసరుకు చల్లని గాలి దొరకదు.

రెండవ సమస్య దుమ్ము. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, దాచేపల్లి సిమెంటు కర్మాగారాలకు ప్రసిద్ధి. పల్నాడు పత్తి, మిరప పండే నేల. సన్నని సున్నపు ధూళి, పత్తి నూగు హీట్‌సింకు రెక్కల మధ్య చేరి గాలి దారిని మూసివేస్తాయి. తడి తగిలిన సున్నానికి క్షారగుణం ఉంటుంది. అది అల్యూమినియం రెక్కలను క్రమంగా తినివేస్తుంది. రెక్కలమీద గట్టిగా పేరుకొన్న పొర కుంచెతో ఊడిరాదు.

మూడవది నీరు. సున్నపురాతి నేల కావడంతో ఇక్కడి బోరు నీరు సాధారణంగా కఠిన జలం. నీటితో చల్లబరచే పరికరాలలో దీనిని పోసినచో సన్నని మార్గాలలో గార కట్టి నీటి ప్రవాహం ఆగిపోతుంది.

నాలుగవది విద్యుత్తు. 230 వోల్టుల సరఫరాలో హెచ్చుతగ్గులు, కోతలు కంప్యూటరుకు హానికరం. రాతి నేలలో ఎర్తింగు సరిగా కుదరడం కష్టం. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంతలో వేసవిలో నీరు పోస్తూ ఉండాలి. ఎర్తు లేని ఇంట్లో కంప్యూటరు పెట్టెను తాకినపుడు జివ్వుమనడం ప్రమాద సూచన. అటువంటి ఇంట్లో ముందుగా వైరింగును సరిచేయించాలి. ఓవర్‌క్లాకింగు ఆలోచన ఆ తరువాతనే.

చల్లబరచే పద్ధతులు

గాలితో చల్లబరచడం: అన్నిటికంటె చవకైనది, నమ్మదగినది. ప్రాసెసరుపై రాగి లేదా అల్యూమినియం హీట్‌సింకు, దానిపై ఫ్యాను ఉంటాయి. రెండు లోహతలాల మధ్య గాలి మిగలకుండా ఉష్ణవాహక లేపనాన్ని పూస్తారు. కందిగింజంత లేపనం చాలు, మందంగా పూస్తే వేడి ప్రసారానికి అదే అడ్డవుతుంది. వాడుకలో సి.పి.యు. అని పిలిచే పెట్టెలో ముందు ఫ్యాను గాలిని లోనికి తీసుకొని, వెనుక ఫ్యాను బయటకు పంపేలా అమర్చాలి. లోనికి వచ్చే గాలి కాస్త ఎక్కువగా ఉండి, ఆ దారిలో జాలీ ఉంటే సందులగుండా దుమ్ము చేరదు. పెట్టెను గోడకు ఆనించి గాని, బల్ల అరలో మూసి గాని ఉంచరాదు.

నీటితో చల్లబరచడం: ప్రాసెసరు వద్ద వేడెక్కిన నీటిని పంపు ద్వారా రేడియేటరుకు పంపి చల్లార్చుతారు. స్వేదన జలాన్ని లేదా దానికై తయారైన ద్రవాన్నే వాడాలి. రాగి, అల్యూమినియం భాగాలను ఒకే వలయంలో కలిపితే తుప్పు పడుతుంది. ఈ పద్ధతి ఎంత ఖరీదైనదైనా ప్రాసెసరును గది గాలికంటె చల్లగా చేయలేదు. గది 42 డిగ్రీలు ఉంటే నీరు అంతకంటె వేడిగానే ఉంటుంది.

గదిని చల్లబరచడం: పల్నాడు వేసవి పొడి వేడి కనుక నీటితో పనిచేసే ఎయిర్ కూలర్లు ఇక్కడ చక్కగా పనిచేస్తాయి. 44 డిగ్రీల పొడి గాలిని 30 డిగ్రీల దగ్గరకు తేగలవు. అయితే కూలరు గాలి నేరుగా కంప్యూటరుకు తగలరాదు. గాలితో వచ్చే తుంపరలలోని లవణాలు బోర్డుపై పొరగా ఏర్పడతాయి. సున్నపు ధూళి ఉన్నచోట తేమ మరింత చేటు చేస్తుంది. ఎ.సి. గదిలో ఈ ఇబ్బంది లేదు, ఖర్చు మాత్రం ఎక్కువ.

వోల్టేజి తగ్గించడం

వేడి ప్రాంతాలకు మరింత తగిన పద్ధతి అండర్‌వోల్టింగు. వేగాన్ని అలాగే ఉంచి వోల్టేజిని మాత్రమే కొద్దికొద్దిగా తగ్గిస్తారు. వోల్టేజి 10 శాతం తగ్గితే వేడి 0.9 × 0.9 = 0.81 వంతుకు దిగుతుంది. పై ఉదాహరణలోని 65 వాట్లు సుమారు 53 అవుతాయి. 42 డిగ్రీల గదిలో ప్రాసెసరు 68కి బదులు 63 డిగ్రీల వద్ద నిలుస్తుంది. పని ఏమాత్రం తగ్గదు, ఫ్యాను చప్పుడు తగ్గుతుంది, కరెంటు పోయినపుడు యు.పి.ఎస్. కాస్త ఎక్కువసేపు ఆదుకొంటుంది. ప్రతి చిప్పూ ఇంత తగ్గింపును సహించదు కనుక పరీక్షించి నిర్ణయించుకోవాలి.

పరీక్షించే విధానం

* ముందుగా మామూలు వేగంలో ఉష్ణోగ్రతలను నమోదు చేసుకోవాలి.
* ఒకసారి ఒక్క మార్పే చేయాలి. వేగాన్ని చిన్న మెట్లలో పెంచాలి.
* ప్రతి మెట్టు వద్ద ప్రైమ్95 వంటి కార్యక్రమంతో ప్రాసెసరును, మెమ్‌టెస్ట్86తో మెమొరీని గంటల తరబడి పరీక్షించాలి. ప్రైమ్95 అసలు మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెదకడానికి తయారైనది. లెక్కలో ఒక్క తప్పు దొర్లినా పట్టుకొంటుంది.
* కంప్యూటరు మొదలు కాకపోతే మదర్‌బోర్డుపై జంపరుతో గాని, 3 వోల్టుల గుండ్రని బ్యాటరీ తీసి పెట్టి గాని పాత అమరికకు రావచ్చు.
* శీతాకాలంలో కుదిరిన అమరికను మార్చి నెలలో తిరిగి పరీక్షించాలి.
* దుమ్ము దులిపేముందు ప్లగ్గు తీయాలి. గాలి ఊదేటపుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

నష్టాలు

అధిక వోల్టేజి, అధిక ఉష్ణోగ్రతలు చిప్పులోని సన్నని లోహపు తీగలను క్రమంగా అరగదీస్తాయి. విద్యుత్తు సరఫరా పెట్టెలోని కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సుమారు సగానికి తగ్గుతుందని స్థూల సూత్రం. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజి కారణంగా చెడిపోవడంతో ఆ సంస్థ సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. వాటిలో వినియోగదారుడు ఏ మార్పూ చేయకున్నా అలా జరగడం గమనార్హం. వినియోగదారుడే వోల్టేజి పెంచినచో వారంటీ సాధారణంగా వర్తించదు.

పైకి కనిపించని నష్టం మరొకటి ఉన్నది. అరకొర స్థిరత్వం గల కంప్యూటరు ఆగిపోకుండానే ఫైళ్ళలో తప్పులు వ్రాయవచ్చు. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరులోనే పిల్లవాడి ప్రాజెక్టు, కుటుంబ ఛాయాచిత్రాలు, లెక్కలు అన్నీ ఉన్నపుడు ఇది ప్రాసెసరు ఖరీదుకంటె పెద్ద నష్టం. ఇటువంటి ప్రయోగాలు వేరుగా ఉంచిన పాత యంత్రంపై చేయడం, విలువైన ఫైళ్ళకు ముందుగా నకళ్ళు తీసి వేరేచోట ఉంచడం అవసరం.

విద్యుత్తు ఖర్చు కూడా లెక్కించవలసినదే. పై ఉదాహరణలో పెరిగిన 29 వాట్లకు, రోజుకు 5 గంటల చొప్పున నెలకు సుమారు 4.4 యూనిట్లు అదనంగా ఖర్చవుతాయి. ఆ వేడి అంతా చివరకు గదిలోకే చేరుతుంది.

ఇవి కూడా చూడండి

* మదర్‌బోర్డు
* ఉష్ణ వాహకత్వం
* పల్నాడు జిల్లా
* రెంటచింతల