మంచం, పరుపు, మా తాత విల్లు

మన సిరోంచలో మంచానికి ఒక్క పేరు లేదు. ఇంట్లో మనం మంచం అంటాం. బజార్లో మరాఠీ మాట్లాడేటోళ్లు ఖాట్ అనో బాజ్ అనో అంటరు. నా బెంచీలో కూర్చునే గోండు దోస్తు ఇంట్లో అది కట్టుల్. ఉర్దూ వచ్చినోళ్లకు చార్‌పాయి, అంటే నాలుగు కాళ్లది. పరుపు సంగతీ అంతే, మరాఠీలో గాదీ, ఉర్దూలో గద్దా. ఇంట్లో ఉన్న ఒక వస్తువు చరిత్ర రాయమని మా సారు చెప్పినప్పుడు క్లాసులో చాలామంది రోలు, కందీలు, నాయనమ్మ కడియాలు ఎంచుకున్నరు. నేను పరుపు ఎంచుకున్న. ఎందుకో కొంచెం ఆగి చెప్త, ముందు మంచం సంగతి చూద్దాం.

మనం చూసే నులక మంచం చాలా పాతది. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, మధ్యలో నులక అల్లిక, అంతే. 1922లో ఈజిప్టులో టూటంఖామన్ రాజు సమాధి తెరిచినప్పుడు లోపల అల్లిన మంచాలు దొరికినయి. అందులో ఒకటి మడతపెట్టేది కూడా. అంటే మూడు వేల మూడు వందల ఏండ్ల కిందటి రాజు కూడా అల్లిక మీదనే పడుకున్నడు. మన దేశం మంచం గురించి రాసిన పరదేశీయుల్లో నాకు నచ్చింది ఇబ్న్ బతూతా. ఆయన మొరాకో నుంచి బయలుదేరి 1333లో సింధు నది దాటి వచ్చిండు. ఇక్కడి మంచాలు చాలా తేలిక, ఒక్క మనిషి మోసుకపోవచ్చు, ప్రయాణం పోయేటోళ్లు మంచాన్ని వెంట తీసుకపోతరు అని రాసిండు. పట్టు దారంతోనో నూలు దారంతోనో అల్లుతరు కాబట్టి దాని మీద మెత్తగా ఉండడానికి ఇంకేమీ పరవనక్కర లేదని కూడా అన్నడు. ఎండాకాలం రాత్రి వాకిట్లో మంచం వాల్చి పండుకున్నోళ్లకు ఆ మాట ఎంత నిజమో తెలుసు. కింద నుంచి గాలి ఆడుతది, చెమట పట్టదు.

మన దగ్గర కోళ్లూ పట్టెలూ టేకువి. ఆలాపల్లి, సిరోంచ అడవుల టేకు పేరు పడ్డది. టేకులో సహజంగా నూనె ఉంటది, అందుకే చెద తొందరగా పట్టదు, తడిసి ఆరినా కర్ర అంతగా వంకర పోదు. అడవి మన పక్కనే ఉన్నా టేకు మాత్రం ఊరికే రాదు. డిపోలో కొనాలె, పాసు ఉండాలె. అందుకే చాలా ఇండ్లల్లో తాతల నాటి కోళ్లనే మళ్లీ మళ్లీ వాడుకుంటున్నరు. కొత్త మంచం అంటే పాత కోళ్లకు కొత్త పట్టెలు అన్నమాట.

ఇంక పరుపు. పరుపుకు దూది కావాలె. ఆ దూది కథ మన ఊరి కథతో కలిసే ఉంది.

1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషోళ్లకు ఇచ్చిండు. వాటితో అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది. దానికి ముఖ్యపట్టణం మన సిరోంచ! ఈ అడవి మీద వాళ్లకు అంత ప్రేమ ఎందుకు అంటే, నది కోసం. వార్ధా లోయలో, హింగన్‌ఘాట్ చుట్టూ మంచి పత్తి పండేది. దాన్ని పడవల్లో వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా సముద్రం దాకా దించాలని ఆలోచన. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ ఈ దారి కోసం గట్టిగా వాదించిండు. (కాటన్ దొర పేరులోనే పత్తి ఉంది అని మా క్లాసులో నవ్వుకున్నం.) 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఇంగ్లాండు మిల్లులకు మన పత్తి ఇంకా ముఖ్యమైంది. కానీ నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు ఉన్నయి. ఒకటి దుమ్ముగూడెం, ఇంకోటి మనకు దిగువన ఇంచంపల్లి, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. వాటిని దాటించడానికి కాలువలు, లాకులు కట్టడం మొదలుపెట్టిన్రు. ఇంతలో 1867లో రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కి బొంబాయి పోయింది. 1871లో నది పని ఆపేసిన్రు. 1874లో మన జిల్లానే ఎత్తేసి సిరోంచను చాందాలో కలిపిన్రు. 1982లో గడ్చిరోలి జిల్లా అయ్యేదాకా మనం చాందా వాళ్లమే.

ఆ మార్పు మా ఇంటిదాకా వచ్చింది. మా అమ్మ వాళ్లది దూదేకుల కుటుంబం. గోదావరి అవతల నుంచి మా తాత వాళ్ల నాయిన ఇటు వచ్చిండు. మిల్లులు రాకముందు దూదేకులోళ్ల పని ముఖ్యంగా పరుపులు కాదు. గింజ తీసిన పత్తిని విల్లుతో ఏకి, ఏకులు చేసి, నూలు వడికే ఆడవాళ్లకు ఇచ్చుడు. ఆ ఏకుల నుంచే నూలు, నూలు నుంచే గుడ్డ. అంటే ఊళ్లో ఒంటి మీద బట్ట ఉన్న ప్రతి మనిషికీ వాళ్ల పని కావాల్సి ఉండె. ఆవిరి మిల్లులు వచ్చినయి. నాగపూర్‌లో 1877 జనవరి 1న టాటా వాళ్ల ఎంప్రెస్ మిల్లు మొదలైంది. మిల్లులో ఏకుడు, వడుకుడు, నేసుడు అన్నీ ఒక్క కప్పు కిందనే. విల్లు పట్టినోళ్లకు మిగిలింది పరుపు, బొంత, మెత్త. కొందరు వ్యవసాయంలకు, కూలికి పోయిన్రు. పరుపు కుట్టుడు మా వాళ్ల మొదటి వృత్తి కాదు, మిగిలిన వృత్తి. ఈ సంగతి తెలిసేదాకా నేను కూడా వేరేగా అనుకున్న.

మా తాత విల్లు మనిషి కంటే పొడుగు. కట్టెకు ఒక కొస నుంచి ఇంకో కొసకు నరం బిగించి ఉంటది. దాన్ని పైనుంచి వేలాడదీసి, ఎడమ చేత్తో పట్టుకొని, కుడి చేతిలో కొయ్య గుండుతో నరాన్ని కొడితే టుంయ్‌మని మోగుతది. ఆ వణుకుడుకు దూది చిక్కులు విడిపోయి, నలక కింద రాలి, తెల్లగా నురుగు లెక్క పైకి లేస్తది. తరువాత చారల గుడ్డ సంచిలో దూది నింపి, బెత్తంతో కొట్టి అన్ని దిక్కులా సమం చేస్తడు. అప్పుడు దబ్బనంతో అడ్డంగా, నిలువుగా టాకాలు వేస్తడు. టాకా వదులైతే దూది ఒక మూలకు పోతది, బిగువైతే పరుపు గుంటలు పడతది. ఇద్దరి పరుపుకు పన్నెండు కిలోల దాకా దూది పడుతదని ఆయన లెక్క. బూరుగు దూదికి మాత్రం విల్లు అక్కర లేదు, ఎండబెట్టి, గింజ దులిపి నింపుడే. అది మెత్తలకు బాగుంటది, పరుపుకు తొందరగా అణిగిపోతది.

ఈ పని చేసేటోళ్లకు ఎన్ని పేర్లో! దూదేకుల, పింజారి, లద్దాఫ్, నూర్‌బాషా. తెలంగాణ బీసీ జాబితాలో ఇవన్నీ పక్కపక్కనే ఉంటయి. ఉత్తరాదిలో మన్సూరీలు అంటరు. బాగ్దాద్‌లో 922లో మరణశిక్ష వేసిన సూఫీ మన్సూర్ అల్ హల్లాజ్ పేరు అది, హల్లాజ్ అంటే అరబ్బీలో దూదేకేటోడు అనే అర్థం. వీరబ్రహ్మం గారి శిష్యుడు సిద్దయ్యది కూడా దూదేకుల ఇల్లే. ఇంత పెద్ద పేర్లున్నా, పింజారి అనే మాటను మన దగ్గర తిట్టుగా వాడుతరు. పిసినారి అనడానికి, లేకి మనిషి అనడానికి. ఒకసారి క్రికెట్ ఆడుతుంటే ఒకడు ఇంకొకడిని ఆ మాట అన్నడు. ఇద్దరికీ దాని అర్థం తెల్వదు. నాకు తెలుసు. నేను బౌలింగు ఆపి చెప్పిన, అది తిట్టు కాదురా, మా తాత పని అని. వాళ్లు నవ్వలేదు, అంతవరకు మంచిదే.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఇంకా బాగా జవాబు చెప్పిండు. బుర్రకథ పితామహుడని పేరు తెచ్చుకున్న ఆయనకు 1986లో పద్మశ్రీ ఇచ్చిన్రు. ఆయన జీవితకథ పుస్తకానికి పేరు ‘పింజారి’. ఏ మాటతో కొట్టిన్రో ఆ మాటనే అట్ట మీద పెట్టుకున్నడు.

ఇప్పుడు నేను పరుపు ఎందుకు ఎంచుకున్ననో చెప్త. మే నెలలో మా అక్క పెళ్లి. పెళ్లి సామానులో మంచం, పరుపు మావే. ఏది కొనాలె అని ఇంట్లో రెండు నెలల నుంచి పంచాయితి. మా చిన్నమ్మ ఫోమ్ పరుపు కొనమంటది. మన దగ్గర దాన్ని డన్‌లప్ పరుపు అనే అంటరు. 1929లో ఆ పేరుగల కంపెనీ రబ్బరు పాలతో నురుగు రబ్బరు కనిపెట్టింది, ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది వేరే రసాయనాలతో చేసేది అయినా పేరు అట్లనే నిలిచిపోయింది. చిన్నమ్మ పైకి చెప్పేది, అది తేలిక, దులపనక్కర లేదు అని. అసలు సంగతి వేరే. దూది పరుపు పోతే అత్తగారింట్ల “వీళ్లు పింజారోళ్లు” అని గుర్తు చేసినట్లయితదని ఆమె భయం. ఆ భయం ఉత్తగా రాలేదు, ఆమె పెళ్లిలో ఆ మాట పడ్డది.

నాకు రెండు దిక్కులా న్యాయం కనిపించింది. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు, భద్రాచలం దగ్గర నీళ్లు 71 అడుగులు దాటిన ఆ వరదలో, నది ఒడ్డున మా మేనమామ ఇంట్ల నీళ్లు రెండు రోజులు నిలిచినయి. ప్లైవుడ్ పెట్టె మంచం ఉబ్బి పొరలు పొరలుగా లేచింది. ఫోమ్ పరుపు పైన ఆరినట్టే కనిపించింది, లోపల బురద వాసన నెలకు కూడా పోలే, పారేసిన్రు. టేకు మంచాన్ని కడిగి, కొత్త నులక అల్లిన్రు. దూది పరుపును తాత విప్పి, గుడ్డ ఉతికి, దూదిని వారం రోజులు ఎండబెట్టి, చెడిపోయిన మూడో వంతు తీసేసి, మిగిలింది మళ్లీ ఏకి కుట్టిండు. నది పక్కన ఉండేటోళ్లు మంచం కొనేటప్పుడు దుకాణంలో ఎట్ల ఉందో కాదు, తడిస్తే ఏమైతదో అడగాలె.

కానీ తాత దగ్గుతడు. యాభై ఏండ్లు దూది దుమ్ము పీల్చిండు. ఆ దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే జబ్బుకు బిస్సినోసిస్ అని పేరు, మిల్లు కూలీలకు ఎక్కువగా వస్తదని సైన్సు మేడం చెప్పింది. అందుకే అమ్మ ఆ విల్లు మళ్లీ దించవద్దంటది. చిన్నమ్మ మాట కంటే ఈ మాటకు నేను ఎక్కువ విలువిస్త.

ఇంకో తప్పుడు నమ్మకం కూడా ఉంది, నడుము నొప్పికి ఎంత గట్టి పక్క అయితే అంత మంచిదని. స్పెయిన్‌లో 313 మంది నడుము నొప్పి ఉన్నోళ్లను పరీక్షించి 2003లో ఫలితాలు చెప్పిన్రు. బాగా గట్టి పరుపు కంటే మధ్యరకం గట్టి పరుపు మీద పండుకున్నోళ్లకే ఎక్కువ ఉపశమనం. కుక్కి మంచంలో మనిషి ఉయ్యాలలో పడ్డట్టు వంగిపోతడు, బండ మీద పడుకుంటే భుజం, తుంటి నొక్కుకపోతయి. కొత్తగా ఏకిన దూది పరుపు ఈ రెండింటికీ మధ్యన ఉంటది, రెండేండ్లకోసారి విప్పి ఏకితేనే. ఏకకుండా పదేండ్లు వాడితే అదీ బండే. కొనేటప్పుడు కుట్టు మూల కొంచెం విప్పి చూపించమనాలె అంటడు తాత. లోపల రంగు రంగుల పోగులు కనిపిస్తే అది దూది కాదు, చింకి గుడ్డలు చించి నింపింది. మంచం ఎత్తు మోకాలి దాకా ఉండాలె, లేకపోతే ముసలోళ్లకు లేవరాదు.

చివరికి తేల్చింది అక్కనే. మంచం మా అమ్మమ్మ పాత టేకు కోళ్లతో, కొత్త పట్టెలు వేయించి. దూది మాత్రం విల్లుతో కాదు, వంతెన దాటిపోయి అవతల కరెంటు మిషన్ మీద ఏకించుకొచ్చుడు. తాత నింపి, కుట్టుడే, అదీ మూతికి గుడ్డ కట్టుకొని. చిన్నమ్మ మూడు రోజులు మాట్లాడలే. అక్క మా ముందరనే ఫోన్ చేసి కాబోయే అత్తకు చెప్పింది, పరుపు కొంటలేము, మా తాత కుడుతున్నడు అని. అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. తరువాత ఆమె, బూరుగు దూదితో రెండు మెత్తలు కూడా కుట్టమని మీ తాతను అడుగు బిడ్డా అన్నది.

బూరుగు కాయలు ఏప్రిల్ దాకా పగలవు. తాత ఇప్పటినుంచే చెట్లు చూస్తున్నడు.