బెంగుళూరి రామనవమి పందిరి

ఈ నగరమున తెలుగు వినవలెనన్న సినిమాకో, వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి నాటకములకో పోవలెనని మనవారిలో పలువురి తలంపు. చామరాజపేట కోట హైస్కూలు ఆవరణలోని శ్రీరామనవమి పందిరిని మఱచుట తగునా? 1939లో ఎస్. వి. నారాయణస్వామిరావుగారు నెలకొల్పిన శ్రీరామసేవామండలి ఉత్సవమది. పానకము, కోసంబరి (మన వడపప్పే) పుచ్చుకొని కన్నడిగులు, తమిళులు, మనము కలసి కూర్చుండి వినునది చాలవఱకు త్యాగరాజస్వామివారి తెలుగే. తిరువయ్యారులో ఆ స్వామి సమాధికి ఆలయము కట్టించి ప్రతిష్ఠ జరిపించినదియు ఈ ఊరి పేరు మోసిన బెంగుళూరు నాగరత్నమ్మగారే.

మన పిల్లలు ఆ కృతులను కన్నడ లిపిలో వ్రాసికొందురు. అందు తప్పులేదు. అర్థము తెలియకపోవుటయే కొఱత. ఒక్క కృతికైనను ఇంట అర్థము చెప్పి తోడ్కొనివచ్చు తల్లులు కొందఱు కలరు. ఆ పిల్లలు పందిరిలో నిదురించుట మేము చూడలేదు.