డెబియన్ లైబ్రరీ ప్యాకేజీల నామకరణం: ప్రత్యయాలు చెప్పే చరిత్ర

వ్యాససంగ్రహం:
డెబియన్ సాఫ్ట్‌వేర్ పంపిణీలో లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర 'జి', 'సి102', 'సి2', 'వి5', 'టి64' వంటి ప్రత్యయాలు కనిపిస్తాయి. 1998 నుండి 2025 వరకు ఆ పంపిణీ దాటివచ్చిన సంధిదశలకు ఇవి ఆధారాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇక్కడ పేరు వస్తువును గుర్తించే సంకేతం మాత్రమే కాక, ప్రోగ్రాముకూ లైబ్రరీకీ మధ్య గల ఒప్పందం కూడా అని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: డెబియన్, లైబ్రరీ, ప్యాకేజీ, నామకరణం, ప్రత్యయం, సోనేమ్.

1. ప్రవేశిక:
ఊరిపేర్లను పరిశోధించేవారు పేరులోని చివరి పదాన్ని ప్రత్యేకంగా పరిశీలిస్తారు. పాడు, పల్లి, పురం వంటి పదాలు ఆయా ఆవాసాల స్వభావాన్ని సూచిస్తాయి. ఇటువంటి దృష్టి సాఫ్ట్‌వేర్ పేర్లకూ వర్తిస్తుంది. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ ప్రకటించిన డెబియన్, స్వచ్ఛంద కార్యకర్తలు నిర్వహించే పంపిణీ. ఇతరులు రాసిన ప్రోగ్రాములను సేకరించి, ప్యాకేజీలుగా కూర్చి వినియోగదారులకు అందించడం దాని పని. అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొనే సంకేతభాగమే లైబ్రరీ.

2. పేరు నిర్మాణం:
డెబియన్ విధానపత్రం ప్రకారం ప్యాకేజీ పేరులో ఆంగ్ల చిన్న అక్షరాలు, అంకెలు, కూడిక గుర్తు, అడ్డగీత, చుక్క మాత్రమే ఉండాలి. లైబ్రరీ ప్యాకేజీ పేరులో మూలరచయిత నిర్ణయించిన 'సోనేమ్' సంఖ్య కూడా చేరుతుంది. పాత ప్రోగ్రాములు పనిచేయని విధంగా లైబ్రరీ మారినప్పుడు మూలరచయిత ఆ సంఖ్యను పెంచుతాడు. 'లిబ్‌సి5', 'లిబ్‌సి6' అనే పేర్లు ఇలా ఏర్పడినవే. పేర్లు వేరు కావడం వల్ల పాతదీ కొత్తదీ ఒకే యంత్రంలో కలిసి ఉండగలవు. ప్రోగ్రాములు రాసేవారికి అవసరమైన ఫైళ్లు 'డెవ్' అనే అంత్యపదంతో వేరే ప్యాకేజీగా ఉంటాయి. రెడ్‌హ్యాట్ సంప్రదాయంలో ఇదే 'డెవెల్' అవుతుంది.

3. ప్రత్యయాల ఆవిర్భావం:
మూలరచయిత సంఖ్యను మార్చకపోయినా లైబ్రరీ పొందిక చెడిపోయే సందర్భాలు వచ్చాయి. 1998 జులైలో విడుదలైన డెబియన్ 2.0 నాటికి వ్యవస్థ మొత్తం లిబ్‌సి5 నుండి లిబ్‌సి6కు మారింది. 'జెడ్‌లిబ్' సంఖ్య 1గానే నిలిచింది. కానీ పాత సి-లైబ్రరీతో కూర్చిన ప్రతి, కొత్తదానితో కూర్చిన ప్రతి ఒకదాని స్థానంలో మరొకటి పనిచేయవు. అందువల్ల కొత్తదానికి 'జెడ్‌లిబ్1జి' అని పేరు పెట్టారు. ఇందులోని 'జి' గ్లిబ్‌సిని సూచిస్తుంది.

సి++ భాషలో ఈ సమస్య పలుమార్లు తలెత్తింది. జీసీసీ 3.2 కంపైలర్ రాకతో 'సి102', 2005లో జీసీసీ 4.0కు మారినప్పుడు 'సి2' ప్రత్యయాలు చేరాయి. 2011 సి++ ప్రమాణానికి అనుగుణంగా జీసీసీ 5 పదమాల, జాబితా రూపాలను మార్చగా 2015లో 'వి5' వచ్చింది.

తాజా ప్రత్యయం 'టి64'. 1970 జనవరి 1 నుండి సెకన్లను లెక్కించే 32 బిట్ల గడియారం 2038 జనవరి 19న తన పరిమితిని చేరుతుంది. దానిని 64 బిట్లకు విస్తరించేందుకు 2024లో అనేక లైబ్రరీల పేర్లు మార్చారు. ఆ విధంగా 'లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3' కాస్తా 'లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టి64' అయింది. ఇప్పటికే 64 బిట్ల కాలమానం గల యంత్రాలలో అసలు మార్పేమీ లేకపోయినా, అన్నిచోట్లా ఒకే పేరు ఉండాలని అక్కడా పేరు మార్చి, పాత పేరును మారుపేరుగా నిలిపారు. ఈ మార్పులతో డెబియన్ 13 విడుదల 2025 ఆగస్టులో జరిగింది.

4. సంఖ్య ఎవరి అధికారం?
డెబియన్ తానే సోనేమ్ సంఖ్యను ఎందుకు పెంచలేదన్నది ఇక్కడ కీలకమైన ప్రశ్న. ఆ సంఖ్య మూలరచయితది. పంపిణీ దానిని 2 చేస్తే, రేపు మూలరచయిత వేరొక మార్పుకు అదే 2ను వాడవచ్చు. అప్పుడు ఒకే పేరు రెండు భిన్న వస్తువులను సూచిస్తుంది. పైగా ఇతర పంపిణీలలో కూర్చిన ప్రోగ్రాములు డెబియన్‌లో ఆ లైబ్రరీని గుర్తించలేవు. కాబట్టి మూలరచయిత సంఖ్యను తాకకుండా, తన పరిధిలో ఉన్న ప్యాకేజీ పేరుకే పంపిణీ ప్రత్యయం చేర్చింది. మూలరచయిత సంఖ్యను మార్చిన తరువాత ఆ ప్రత్యయం అవసరం తీరిపోతుంది. జెడ్‌లిబ్ సంఖ్య నేటికీ 1 కావడం వల్లనే, లిబ్‌సి5 కనుమరుగైనా 'జి' మిగిలి ఉంది.

5. భాషల వారీ సంప్రదాయాలు:
పెర్ల్ లైబ్రరీల పేర్లు 'లిబ్'తో మొదలై 'పెర్ల్'తో ముగుస్తాయి. రూబీ లైబ్రరీలు ఒకప్పుడు ఇదే పద్ధతిని పాటించినా, తరువాత 'రూబీ' పూర్వపదానికి మారాయి. పైథాన్ 3 వచ్చినప్పుడు 'పైథాన్' పూర్వపదాన్ని దానికి బదలాయించకుండా 'పైథాన్3' అనే కొత్త పూర్వపదాన్ని కల్పించారు. పాత పేరుకు కొత్త అర్థం అంటగట్టరాదన్న సూత్రం ఇక్కడా కనిపిస్తుంది.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల రెండు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, లైబ్రరీ పేరు మారడం అలంకారం కాదు. పాత ఒప్పందం చెల్లదని చేసే బహిరంగ ప్రకటన. రెండు, ఆ మార్పు ఎంతవరకు చేయవచ్చన్నది మూలరచయిత అధికారాన్ని గౌరవించడంపై ఆధారపడి ఉంది. ప్రత్యయాన్ని అనవసరమైన అక్షరంగా భావించి తొలగిస్తే పేరు పొట్టిదవుతుంది కాని, పాత ప్రోగ్రాము తనకు పొసగని లైబ్రరీతో జతపడి, హెచ్చరిక లేకుండానే చెడిపోయే ప్రమాదం ఏర్పడుతుంది. సాఫ్ట్‌వేర్ చరిత్రను రాసేవారు విడుదల తేదీలతో పాటు ఈ పేర్లనూ ప్రాథమిక ఆధారాలుగా స్వీకరించవలసి ఉంది.